ఆరో పేరు

కాసినో మేనేజరు కావడానికి ఏమేం అర్హతలు కావాలని హిందూపురంలో ఎవరినైనా అడిగితే, ముందు అడిగినవాణ్ణి తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూస్తారు. తర్వాత మెల్లగా, "మీ నాయన బాగుండాడా?" అంటారు. ఈ చూపుకూ ఈ పరామర్శకూ భయపడే ఉమాశంకర్ పదమూడేళ్ళుగా "హోటల్ లైన్లో ఉండా" అని చెప్పుకుంటూ వచ్చాడు. అందులో అబద్ధం లేదు. అతను పనిచేసే కాసినో గోవాలో నది మీద లంగరు వేసిన ఓడలో ఉంది. ఆ ఓడలో రెండు పూటలా భోజనం కూడా పెడతారు.

అతనిది రొద్దం మండలంలో ఒక పల్లె. నాయన వెంకటేశ్వర్లు, ఆ ఊరి పెద్దరైతు గోవిందరాజులు దగ్గర నాలుగెకరాలు గుత్తకు, అంటే కౌలుకు, తీసుకుని చెనక్కాయ వేసేవాడు. బోరుకు కరెంటు కనెక్షను గోవిందరాజులే ఇప్పించాడు. ఆ సంగతి గోవిందరాజులు ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ఎత్తే పని వెంకటేశ్వర్లే చూసుకునేవాడు. ఉమాశంకర్ హిందూపురంలో బి.కాం. చదివి, అక్కడి ఒక బట్టల ఫ్యాక్టరీలో గుండీల స్టాకు చూసే పనిలో చేరాడు. ఏడాదిన్నర పనిచేశాడు. ఆ కాలమంతా గుండీ ఒక్కటి తగ్గలేదు, జీతం ఒక్క రూపాయి పెరగలేదు. లెక్కలొచ్చినవాళ్ళకు గోవా ఓడల్లో పనుందని ఎవరో అంటే విని రైలెక్కాడు.

ఆ విద్యలో మొదటి మూడు నెలలూ గురుకులవాసం లాంటివి. మన బడుల్లో ఎక్కాలు ఇరవైతో ముగుస్తాయి. కాసినో బడిలో పదిహేడో ఎక్కంతో పాటు ముప్పై ఐదో ఎక్కమూ రావాలి. చక్రం మీద బంతి తిరిగే ఆటలో ఒక అంకె మీద పందెం గెలిచినవాడికి ఒకటికి ముప్పై ఐదు, రెండంకెల నడుమ గీత మీద పెట్టి గెలిచినవాడికి పదిహేడు ఇవ్వాలి. పక్కన ఒకడు ఏడుస్తున్నా, ఒకడు ఎగురుతున్నా ఆ గుణకారం తప్పకూడదు. ప్యాంటుకు జేబులుండవు. బల్ల వదిలి లేచేటప్పుడు రెండు చేతులూ చరిచి, అరచేతులు ముందుకీ వెనక్కీ తిప్పి, పైనున్న కెమెరాకు చూపాలి. ముక్కు దురద పుట్టినా ముందు చేతులు చూపి తర్వాతే గోక్కోవాలి. ఈ ఆచారం ఒంటికి ఎంత పట్టుకుందంటే, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు కూడా అన్నం తిని లేస్తూ చేతులు చరిచి అటూ ఇటూ తిప్పేవాడు. "కడుక్కోని వచ్చి చూపిచ్చప్పా" అనేది వాళ్ళమ్మ. భార్య అమృత మాత్రం పెళ్ళయిన కొత్తల్లో చానా బాధపడిందట: "నేనేమన్నా దొంగతనం అంటగట్టినానా అనుకుంటి."

అయిదేళ్ళు బల్ల దగ్గర ముక్కలు పంచాడు. తర్వాత నాలుగు బల్లలు చూసుకునే ఇన్‌స్పెక్టరయ్యాడు. వాళ్ళమ్మ ఆ మాట పట్టుకుని "మావోడు ఇన్‌స్పెక్టరు" అని ఊళ్ళో రెండు నెలలు తలెత్తుకుని తిరిగింది. ఏ స్టేషనని ఎవరో అడిగినాక మానేసింది. ఆ పైన పది పన్నెండు బల్లలకు పెద్ద, పిట్ మేనేజరు. దానిపైన ఇంకొక్క మెట్టే ఉంది: కాసినో మేనేజరు. దానికోసం ఆరు నెలలు చదువు: చట్టం, దొంగసొమ్ము వాసన పట్టడం, సిబ్బంది సెలవులు సర్దడం, తాగి రంకెలేసే అతిథికి పెళ్ళివారిని సాగనంపినంత మర్యాదగా బయటికి దారి చూపడం. చివర్న పరీక్ష. ముప్పై అయిదేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తండ్రై, ఉమాశంకర్ ఆ పరీక్షలో మొదటివాడుగా పాసయ్యాడు. జీతం రెండింతలవుతుంది, కుటుంబానికి ఇల్లిస్తారు, భార్యాపిల్లల్ని హిందూపురం అద్దెకొంప నుంచి తీసుకుపోవచ్చు. ఒకే ఒక్క కాగితం మిగిలింది. సొంత జిల్లా నుంచి, ఈ మనిషి మీద ఏ నేరమూ లేదని పోలీసులిచ్చే పత్రం. దానికోసం సెలవు పెట్టి ఇంటికొచ్చాడు.

హిందూపురంలో రఫీక్ నెట్ సెంటరు పెట్టుకున్నాడు. డిగ్రీలో ఉమాశంకర్ పక్క బెంచీ. ఊళ్ళో సగంమంది పుట్టిన తేదీలు, కులాలు, ఆదాయాలు అతని వేళ్ళ కిందుగానే సర్కారుకు చేరతాయి కాబట్టి, రఫీక్ మాటకు ఒక అధికారిక గాంభీర్యం ఉంటుంది. దరఖాస్తు పెట్టిన పన్నెండో రోజు పొద్దున అతనే ఫోన్ చేసి రమ్మన్నాడు.

"ఏమప్పా శంకరా, నీ మీద పేకాట కేసుందంట గదా!"

"యాడ?"

"యాడో ఏమి, ఈడ్నే. రెండువేల తొమ్మిది. జూదం చట్టం. పెనుకొండ కోర్టులో శిక్ష. జరిమానా మూడొందలు."

ఉమాశంకర్ ముఖం తేటపడింది. "ఓ, అదా! అది గోవిందరాజులు మామ కేసులే."

"పేరు నీదుండాది."

"పేరు నాదే. కేసు ఆయనది."

రఫీక్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇదే ముక్క పోయి గోవా వాళ్ళకు చెప్పు. వాళ్ళకు అర్థమైతే నేనీ షాపుకు బీగం ఏసేస్తా."

కానీ పల్లెలో ఎవరికైనా అది అర్థమయ్యే మాటే. 2009 ఎండాకాలంలో గోవిందరాజులు మామిడితోటలో, మోటారు గది పక్కన, మిట్టమధ్యాహ్నం ఆరుగురు కూచుని అందర్ బాహర్ ఆడుతుండగా పోలీసులు వచ్చారు. ఏ స్టేషనువారో ఇక్కడ అక్కర్లేదు. పంచనామాలో "ఆరుగురు వ్యక్తులు" అని రాసినాక తలెత్తి చూస్తే, ఆ ఆరుగురిలో ఒకరు సాక్షాత్తూ సొసైటీ ప్రెసిడెంటు గోవిందరాజులు. మంచినీళ్ళిచ్చి, తోట ఆయనదే కాబట్టి మజ్జిగ కూడా ఇప్పించిన మనిషి. ఆయన్ని ఇంటికి పొమ్మన్నారు. అయితే ఆరు అని రాసేశారు. రాసిన అంకెను కొట్టేయడం చట్టానికి అగౌరవం. కాబట్టి ఆరో మనిషిని కాకపోయినా ఆరో పేరునొకదాన్ని తేవాలి.

ఆ పల్లెల్లో దీన్ని కేసుకు పేరిచ్చేదంటారు. చిన్న కేసులకే ఇస్తారు: పేకాట, సారా, తోపులాట. పెద్దమనిషి బదులు ఇంకొకడు పోయి ఒప్పుకుంటాడు, జరిమానా పెద్దమనిషి కడతాడు, మధ్యాహ్నం భోజనం పెట్టిస్తాడు. ఇచ్చినవాడికి తప్పు చేసినట్టుండదు, తీసుకున్నవాడికి అప్పు పడినట్టుండదు. పెళ్ళికి పోలేనివాడు ఇంటి నుంచి ఇంకొకర్ని పంపినట్టే. ఆ సాయంత్రం వెంకటేశ్వర్లు ఇంటికొచ్చి, పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్న కొడుకుతో అన్నాడు: "రేపు పొద్దున పోయిరాప్పా. రాజులు మామ పేరు పేపర్లో పడితే బాగుండదు. నీదైతే ఎవరికి తెలుస్తాది?"

ఉమాశంకర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. కోర్టులో, "నేరం ఒప్పుకుంటున్నావా?" అన్నారు. "ఒప్పుకుంటా సార్" అన్నాడు. అది అయిదు నిమిషాల పని. తర్వాత పెనుకొండలో ఆరుగురూ కలిసి బిర్యానీ తిన్నారు. అందులో ఒకడికి అప్పటికి ఇస్పేటుకూ కళావరుకూ తేడా తెలీదు.

కాసినోలో చేరిన రోజు, నీకెప్పుడైనా శిక్ష పడిందా అన్న గడిలో అతను "లేదు" అని రాశాడు. దాచిపెడదామని కాదు. ఆ కేసు తనదని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

ఇప్పుడు రఫీక్ పోలీసుల జవాబు కాగితాన్ని రెండుసార్లు చదివి వినిపించాక, తట్టింది. మేనేజరు పని సరే, చేరేటప్పుడు అబద్ధం రాశాడని ఉన్న పనికే నీళ్ళొదలాల్సి వస్తుందేమో.

"ఆడినావని ఈడ శిక్ష, ఆడిచ్చినందుకు ఆడ జీతం" అన్నాడు రఫీక్. "నువ్వు పుట్టిన గడియేందో గానీ, సర్టిఫికెట్ల చరిత్రలో నీది ప్రత్యేకం శంకరా."

మరునాడు పెనుకొండ బస్సెక్కాడు. కోర్టు దగ్గర ఒక లాయరమ్మ కేసు నంబరు తీసుకుని లోపలికి పోయి, గంట తర్వాత తిరిగొచ్చింది.

"చిన్న కేసు కాబట్టి, కాలపరిమితి అయిపోయి కాయితాలు తీసేసినారు. అది రూలే. రిజిస్టర్లో మాత్రం ఒక వరస ఉండాది: నీ పేరు, మూడొందలు."

"అయితే కేసు లేదా మేడమ్?"

"కేసు లేదు. శిక్ష ఉండాది."

"నేను ఆడలేదని రుజువు చేస్తే?"

"దేంతో చేస్తావప్పా? నువ్వు ఆడినావని చెప్పే కాయితముంటే గదా, అది తప్పని వాదించేది." ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ రోజు నిన్ను ఎవరన్నా కొట్టినారా? బెదిరించినారా?"

"లేదు మేడమ్. బిర్యానీ పెట్టినారు."

"అది నాకు పనికిరాదు."

చివరికి ఆమె ఒక దారి చెప్పింది. కోర్టులో ఇప్పుడు చేసేదేమీ లేదు గానీ, ఆ రోజు నిజంగా ఆడిన పెద్దమనిషి, "ఆడింది నేను, ఇతను కాదు" అని స్టాంపు పేపరు మీద రాసి సంతకం పెడితే, దాన్ని కంపెనీవాళ్ళకు చూపొచ్చు. నమ్మితే నమ్ముతారు. "రాసిస్తాడా?" అంది. "మంచోడే మేడమ్" అన్నాడు ఉమాశంకర్. లాయరమ్మ ఆ జవాబును కూడా బిర్యానీ పక్కనే పెట్టినట్టుంది.

అక్కణ్ణుంచి ఊరికి పోయాడు. నాయన పోయి నాలుగేళ్ళు. ఆ నాలుగెకరాలూ ఇప్పుడు తమ్ముడు శ్రీకాంత్ చేతిలో ఉన్నాయి. భూమి గోవిందరాజులుదే, గుత్త మాత్రం తరం మారింది. శ్రీకాంత్ చెనక్కాయ మానేసి మల్బరీ పెట్టి, పట్టుపురుగులకు షెడ్డు కట్టించి, డ్రిప్పు వేయించాడు. పరాయి భూమిలో అంత ఖర్చు పెట్టొచ్చునా అని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో దాన్ని పరాయి భూమి అనడం అలవాటు లేదు. విషయమంతా అమ్మకు చెప్పాడు.

"అడుగు. అడిగేది న్యాయమే. కానీ గట్టిగా అడగొద్దప్పా."

"అంటే ఎట్లా అడగల్ల మా?"

"ఆయనకే ఇద్దామనిపించేట్ల."

పదమూడేళ్ళ శిక్షణలో ఎక్కడా నేర్పని పద్ధతి ఇది.

గోవిందరాజులు ఊరొదిలి ధర్మవరం చేరి ఏడెనిమిదేళ్ళయింది. పట్టుచీరల దుకాణం. మోకాళ్ళు అరిగి కుర్చీలో కూచునే ఉంటాడు గానీ, గొంతు మాత్రం సొసైటీ ప్రెసిడెంటుదే. ఉమాశంకర్ గడపలో కనపడగానే తెల్లచొక్కా చేతులు రెండూ చాచాడు.

"ఏమబ్బా శంకరా! రా, రా! లోపలికి రాబ్బా. ఎన్నాళ్ళాయె! కాఫీ తెప్పిచ్చండి. హోటల్లో మేనేజరువైతాండావంట గదా?"

"కాసినో మామా."

"ఏదోకటి. తిండి పెట్టేదే గదా."

ఉమాశంకర్ అంతా చెప్పాడు. అమ్మ చెప్పినట్టు మెత్తగానే చెప్పాడు. గోవిందరాజులు నవ్వాడు.

"మూడొందలు! నేనే కట్టిపిచ్చినా గదా."

"కట్టిపిచ్చినారు మామా. పేరు మాత్రం నాది పడిపోయె."

అప్పుడు నవ్వు ఆగింది. పనివాళ్ళిద్దరూ చీరలు మడత పెడుతున్నారు. గోవిందరాజులు వాళ్ళను లోపలికి పంపి, గొంతు తగ్గించాడు.

"చూడబ్బా. మా ఆనంద్‌కు గవర్నమెంటు ఉద్యోగం వచ్చిండాది. నాలుగేండ్లు చదివినాడు, పాపం. ఇప్పుడు వెరిఫికేషన్ జరుగుతాండాది. పోలీసోళ్ళు ఇంటికాడికొచ్చి, వీధిలో అడిగి పోయినారు. ఇట్లాంటప్పుడు నేను స్టాంపు పేపరు మీద జూదగాణ్ణని రాసిస్తే ఎట్లుంటాది చెప్పు."

"కొడుకు ఉద్యోగానికి నాయన పేకాట ఎవురు చూస్తారు మామా?"

"నీకు చూసినారు గదబ్బా, నువ్వు ఆడకపోయినా!"

పదిహేడు ఇంటూ ఇరవై మూడు అడిగితే రెప్పపాటులో చెప్పే మనిషి, ఈ లెక్క దగ్గర ఆగిపోయాడు. గోవిందరాజులు చెప్పింది అన్యాయం, కానీ తప్పు కాదు.

ఆయనకు అతని మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. వెంటనే లెటర్‌ప్యాడ్ తెప్పించాడు. ఈ ఉమాశంకర్ అను వ్యక్తిని తాను చిన్నతనము నుండి ఎరుగుదుననీ, ఇతడు సత్ప్రవర్తన గలవాడనీ, పెద్దల యెడ వినయము, నమ్మకము గల కుటుంబమనీ సొంత చేతితో రాశాడు. "ఇంకా ఎంత మంచిగా రాయమంటే అంత మంచిగా రాస్తాబ్బా" అన్నాడు. కింద మాజీ ప్రెసిడెంటు ముద్ర. ఒక పేజీ నిండింది. అందులో మామిడితోట మాత్రం లేదు. అమృతకు ఇమ్మని నీలం అంచు చీర ఒకటి చేతిలో పెట్టాడు. వద్దంటే అవమానం కాబట్టి ఉమాశంకర్ తీసుకున్నాడు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి గోవిందరాజులు మరొక్క మాట అన్నాడు.

"శంకరా, నా పేరు మాత్రం ఆడ ఎత్తొద్దబ్బా. శ్రీకాంత్ బాగా చేసుకుంటాండాడు, నాకూ సంతోషంగా ఉండాది."

రెండు వాక్యాలూ ఒకే గొంతుతో, ఒకే ఆప్యాయతతో అన్నాడు. వాటికి ఒకదానితో ఒకటి సంబంధముందని ఆయనకు తెలుసో లేదో కూడా చెప్పడం కష్టం.

పోలీసుల కాగితం కంపెనీకి చేరింది. వాళ్ళ వీడియో పిలుపు సోమవారం పదకొండు గంటలకు. ఇంట్లో నెట్ సరిగా రాదని రఫీక్ తన సెంటర్లో వెనక క్యాబిన్ ఇచ్చాడు. గోడమీది పాన్ కార్డు పోస్టరును తెల్లటి దుప్పటితో కప్పాడు, "మేనేజరు వెనకాల అట్లాంటివి బాగుండవు" అని. తెర మీదికొచ్చిన మనిషి పేరు స్వాతి. కాకినాడ వైపామె. కాసినోలో నిబంధనలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే అధికారిణి. ఆమె చేతిలో పడిన ఫైలు నవ్వుతూ బయటికి రాదని ఓడలో పేరు.

"ఉమాశంకర్ గారూ, మీ పరీక్ష మార్కులు చూశానండి. మీరే ఫస్టు. అందుకే మాట్లాడుతున్నాను. లేకపోతే ఒక మెయిలు పంపి ఊరుకునేవాళ్ళం."

"థ్యాంక్యూ మేడమ్."

"మీరు ఆ రోజు పేకాట ఆడారా?"

"లేదు మేడమ్."

"కోర్టులో ఆడానన్నారు."

"అన్నాను."

"మా దగ్గర చేరేటప్పుడు శిక్షేమీ పడలేదని రాశారు."

"రాశాను."

"అంటే, మీరు ఆడితే మాకు అబద్ధం రాశారు. ఆడకపోతే కోర్టుకు అబద్ధం చెప్పారు. రెండిట్లో ఏదో మీరే చెప్పండి. నేను రాసుకుంటాను."

ఉమాశంకర్ చెప్పాడు. మామిడితోట, ఆరు అన్న అంకె, నాయన మాట, ఇస్త్రీ చొక్కా, అన్నీ. లెటర్‌ప్యాడ్ కాగితం కూడా చూపాడు. స్వాతి దాన్ని పూర్తిగా చదివింది.

"చాలా బాగా రాశారు. దీంతో నాకేం తెలియాలి?"

"నేను మంచివాణ్ణని."

"అది నాకు తెలుసండి. రేపు మా ఓనరు మీతో, బల్ల మీద పందెం చిప్పులు తక్కువ వచ్చాయి, నీ పొరపాటని నీ పేరు మీద రాసేయ్ అన్నారనుకోండి. ఎంతో మంచిగా అడిగారనుకోండి. రాస్తారా?"

"రాయను."

"అప్పుడు రాశారుగా."

మేనేజరు పనిలో అన్నిటికంటే పెద్ద అర్హత ఏదో ఆమె తెర మీంచి చెబుతోంది: ఎంత పెద్దమనిషి, ఎంత ప్రేమగా అడిగినా, కానిదానికి తన పేరు ఇవ్వకపోవడం. ఆ ఒక్కటీ మూడు నెలల బడిలో లేదు, ఆరు నెలల చదువులోనూ లేదు.

"ఆ పెద్దాయన పేరేంటి?" అంది స్వాతి.

తలుపు సందులోంచి రఫీక్ అడ్డంగా తలూపుతున్నాడు. రఫీక్‌కు శ్రీకాంత్ షెడ్డు తెలుసు, దానికి లోను దరఖాస్తు పెట్టింది అతనే. ఉమాశంకర్ రఫీక్ వైపు చూశాడు. పేరు చెప్పాడు. నంబరు అడిగితే నంబరూ చెప్పాడు.

"ఇప్పుడే మాట్లాడదాం. మీరూ లైన్లోనే ఉండండి. మీరు వింటున్నారని ఆయనకు చెబుతాను."

రెండు రింగులకు ఫోనెత్తాడు గోవిందరాజులు. స్వాతి ఎవరో, ఎందుకు చేసిందో, లైన్లో ఉమాశంకర్ కూడా ఉన్నాడని అంతా చెప్పింది. తర్వాత సూటిగా అడిగింది. ఆ రోజు మీ తోటలో ఆడుతున్నది మీరా, అతనా?

"అమ్మా, ఉమాశంకర్ మా మనిషి" అన్నాడు గోవిందరాజులు. అందులో నటన లేదు. "బంగారట్లాంటోడు. అప్పుడు చిన్నతనం గదా తల్లీ, ఏదో తెలీక ఒకసారి కూచున్నాడు. మేమే మందలిచ్చినాం. ఆ తర్వాత ముక్క ముట్టుకోలేదు. నేను చేతులెత్తి దండం పెడతా, ఆ పిల్లోనికి అన్యాయం చెయ్యొద్దండి. ఉద్యోగం ఇయ్యండి."

అతని కోసం అంత బతిమాలిన మనిషి ఇంతవరకూ ఇంకెవరూ లేరు. ఆ బతిమాలుడుతోనే అతను మునిగాడు.

"ఉమాశంకర్ గారూ, విన్నారుగా. మీరేమంటారు?"

వెంకటేశ్వర్లు బతికున్నన్నాళ్ళూ గోవిందరాజులు ఎదుట తలగుడ్డ తీసి మాట్లాడాడు. వెంకటేశ్వర్ల నాయన, గోవిందరాజుల నాయన ఎదుట కూచునేవాడు కాదట. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి రెండు తరాలుగా "సరే", "అట్లనే", "మీరెట్ల చెప్తే అట్ల" తప్ప ఇంకో మాట పోలేదు. ఉమాశంకర్ నోట స్వాతితో ఇంతసేపూ మాట్లాడిన గోవా తెలుగు ఎటో పోయి, ఊరి మాట వచ్చింది.

"ఆయప్ప అబద్ధం చెప్తాండాడు మేడమ్."

తర్వాత ఫోన్లో గోవిందరాజులు, నిదానంగా, దాదాపు కుతూహలంగా అడిగాడు.

"శంకరా, ఆ మాట అనింది నువ్వేనా?"

"నేనే మామా."

ఫోను పెట్టేశాడు.

స్వాతి పెన్ను మూత పెట్టింది. "నేను మిమ్మల్నే నమ్ముతున్నానండి. కానీ నేను నమ్మానని రాసుకోవడానికి ఈ ఫారంలో గడి లేదు" అంది. తెర ఆరిపోయింది. రఫీక్ లోపలికొచ్చి, పోస్టరు మీది దుప్పటి తీసి మడత పెట్టుకుంటూ, "టీ చెప్పనా?" అని మాత్రం అడిగాడు.

ఆ పిలుపు తర్వాత పదహారో రోజున కంపెనీ ఉత్తరం వచ్చింది. ఉన్న పిట్ మేనేజరు పని ఉంటుంది, ఏడాది పాటు పరిశీలనలో. మేనేజరు పదవికి మాత్రం, నమోదైన శిక్ష కారణంగా, ఇప్పుడూ ఇకమీదటా అతని దరఖాస్తు స్వీకరించబడదు. ఆ పదవి అతని తర్వాతి మార్కులు వచ్చినవాడికి పోయింది. ఆనంద్ వెరిఫికేషన్ ఏ అడ్డూ లేకుండా పూర్తయింది. పేకాట గురించి ఎవరూ అడగలేదట. అదే వారం గోవిందరాజులు మనిషి ఒకడు ఊరికొచ్చి, శ్రీకాంత్‌తో మర్యాదగా చెప్పిపోయాడు. ఈ పంట పట్టుగూళ్ళు అమ్ముకున్నాక భూమి అప్పగించాలి. షెడ్డు రేకులు విప్పుకుని పోవచ్చు, దానికి అభ్యంతరం లేదు.

గోవాకు తిరిగిపోయే ముందు ఉమాశంకర్ ఊరికి పోయాడు. శ్రీకాంత్ షెడ్డు బయట నిలబడి ఉన్నాడు. అన్నను చూసి మొహం తిప్పుకోలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఏమన్నా, నీ ఓడలో నాకేమన్నా పనుందా? గిన్నెలు తోమేదైనా సరే. నా మీద కేసుల్లేవు."

ఉమాశంకర్ షెడ్డులోకి పోయాడు. లోపల అమ్మ బల్లల మధ్య నడుస్తూ పురుగులకు ఆకు వేస్తోంది. వాటికి గుత్త సంగతి తెలీదు. వేలకు వేలు వాన పడినట్టు చప్పుడు చేస్తూ తింటున్నాయి. అతను కూడా ఒక గంప అందుకున్నాడు. రెండు వరసలు అయినాక ఆమె తలెత్తకుండానే అడిగింది.

"ఆ మాట, ఆయనకు వినపడేట్లే అన్నావా?"

"వినపడింది మా. లైన్లోనే ఉండాడు."

"సరిగ్గా ఏమన్నావు?"

చెప్పాడు. ఆమె చెయ్యి ఆకు మీద ఆగింది.

"ఇంగొకసారి చెప్పు."

మళ్ళీ చెప్పాడు, అదే మాట, అంతే మెల్లగా. ఆమె గడప వైపు ఒకసారి చూసింది, బయట ఎవరైనా విన్నారేమోనన్నట్టు. చిన్నకొడుకు తప్ప ఎవరూ లేరు. ఆమె మళ్ళీ గంపలో చెయ్యి పెట్టింది. మూడో బల్ల, నాలుగో బల్ల. గంప అడుగు కనపడినాక, ఆ మాటను తనలో తానే ఒకసారి అని చూసుకుంది.